నెమలి తొట్టిలో కూర్చున్న సెక్రటరీ అన్న

మన తిరునాళ్ళ ఆటలోళ్ళ సంఘం సెక్రటరీ అన్న పోయినాడు. వాళ్ళ కొడుకు మణవాళనగర్ నుంచి ఫోన్ చేసినాడు. "మామా, నాయన పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళ లేవలేదు" అన్నాడు. నేనప్పుడు వెంగల్ దగ్గర మా షెడ్డులో జెయింట్ వీల్ రాట్నం పిన్నులకు గ్రీజు పెడతా ఉండాను. "సరే" అన్నాను. మనిషి పోయినాడంటే సరే అంటారా ఎవురైనా? అదే వచ్చింది నా నోట్లో. చేతులు గుడ్డకు తుడుచుకోని, ఆ గుడ్డ భుజాన్నే ఉండాదని కూడా చూసుకోకుండా బస్సెక్కి పొయ్యినాను.

ఏటా మన సంఘం వేసే పుస్తకంలో అన్న గురించి నాలుగు మాటలు వేయాలని ఇప్పుడుండే పిల్లోళ్ళు నా దగ్గరికొచ్చినారు. నువ్వు చెప్పు తాతా, మేము రాసుకుంటామన్నారు. వద్దన్నాను. వాళ్ళు రాస్తే సొట్టలకు లప్పం పూసినట్ల పట్టీ పెట్టి నున్నగా చేసి పైన పెయింట్ కొట్టేస్తారు. నేను మూడో క్లాసు దాకా పోయింది అరవం బడికి. తెలుగు మా నాయన నేల మీద రాపిచ్చింది. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులుంటాయి, ఉండనీ. తెలుగు చదవను రాని పిల్లోళ్ళు ఇంట్లో పెద్దోళ్ళతో చదివిచ్చుకోండి. ఎందుకంటే ఇందులో మీకు తెలీని సంగతి ఒకటుండాది.

'రాట్నమెక్కి ఏడ్చిన సెక్రటరీ' అని మీరందరూ ఇన్నేండ్లు నవ్వుకున్నారు కదా. అది జరిగింది మీరనుకున్నట్ల కాదు. అసలు సంగతి తెలిసినోళ్ళం ముగ్గురమే. మా ఇంటామె పోయి నాలుగేండ్లయింది. ఇప్పుడు అన్న పోయినాడు. ఇంగ మిగిలింది నేనొక్కడినే. నేనూ పోతే అన్న మీకు పిరికోడుగానే మిగిలిపోతాడు. అందుకే పెన్ను పట్టినాను.

అన్నను ఎరగని కొత్తోళ్ళకు చెప్తా. ఆయన మన మాదిరి తిరునాళ్ళకు తిరునాళ్ళకు లారీల్లో సామాన్లు ఎత్తుకోని తిరిగినోడు కాదు. తిరువళ్ళూరులో వాళ్ళది ఇనప సామాన్ల అంగడి. మణవాళనగర్‌లో ఇంటి ఎనకాల ఉండే జాగాలో పిల్లోళ్ళకని చిన్న పార్కు పెట్టినాడు. ఒక బొమ్మ రైలు, నాలుగు ఊయలలు, చేత్తో తిప్పే గుర్రాల రాట్నం ఒకటి. అంతే. సన్నటి మనిషి, తెల్ల పొట్టి చేతుల చొక్కా, మొలలో తాళాల గుత్తి, ఎండాకాలం వానాకాలం లేకుండా చేతిలో గొడుగు. అంగట్లో పైన అటక మీదుండే సామాను కావాలంటే నిచ్చెన ఎక్కేవాడు కాదు, పనోళ్ళను ఎక్కిచ్చేవాడు. ఎత్తంటే ఆయనకు కండ్లు తిరుగుతాయి.

ఇట్లాంటి మనిషి మనకెట్ల సెక్రటరీ అయినాడని అడుగుతారు. లోకంలో వినోద పార్కులు నడిపేవాళ్ళందరికీ కలిపి ఒక పెద్ద సంఘముండాది. దాంట్లో అన్న చేరినాడు. బొమ్మ రైలు పెట్టుకోని చేరినాడు. వాళ్ళ పుస్తకం పోస్టులో వచ్చేది, మెరిసే కాగితం, ఆకాశాన్నంటే రైళ్ళ బొమ్మలు. అంగడి ఎనకాల కమ్మీల కట్టల మీద మమ్మల్ని కూర్చోబెట్టి, ఇంగ్లీషులో మనసులో చదువుకోని, తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి చెప్పేవాడు. మన సంఘం పుట్టింది ఆ కమ్మీల కట్టల మీదనే.

ఆ పెద్ద సంఘం కత అన్న ఒక రోజులో చెప్పలేదు, మీటింగుకు కొంచెం కొంచెం చెప్పినాడు. వందేండ్లకు ముందు అమెరికాలో పార్కు ఓనర్లు కొంతమంది ఒక చోట కూడినారంట. ఒకడికి ఒకడంటే పడదు, ఒకడి జనాన్ని ఒకడు లాక్కునేవాడే. అయినా కూడినారంట. తర్వాత ఆటసామాన్లు చేసి అమ్మేవాళ్ళు వచ్చి చేరినారంట, ఏటేటా పెద్ద సంత మాదిరి పెట్టి, కొత్త సామాన్లు అక్కడ చూపించేవాళ్ళంట. కరువొచ్చి శానా పార్కులు మూతబడినాయంట. యుద్ధమొచ్చిందంట. మిగిలినోళ్ళు మాత్రం కూడేది మానలేదంట. తర్వాత తర్వాత వేరే దేశాలోళ్ళు వచ్చినారు. ఒక దేశంలో చేసిన ఆట ఇంకో దేశంలో తిరుగుతుంది కదా, చెకింగ్ ఎట్ల చేయాలో అందరూ ఒక మాటన్నా అనుకుందామని కూర్చుని రాసుకున్నారంట.

నాకు నోరు ఊరుకోదు. "అన్నా, వాళ్ళకు మన తిరుత్తణి యాడుండాదో తెలుసునా?" అన్నాను.

"తెలీదు" అన్నాడు. "నీకు వాళ్ళ ఊరు యాడుండాదో తెలుసునా? తెలీదు. బోల్టు ఊడితే మాత్రం రెండు చోట్లా ఒకటే జరుగుతుంది తమ్ముడా."

ఒకసారి బొంబాయిలో వాళ్ళ కూటం జరిగితే పొయ్యొచ్చినాడు. మెడలో వేసే పేరు కార్డు ఒకటి ఇచ్చినారంట. మన మీటింగుకు అది మెడలో వేసుకోనే వచ్చినాడు. అందరం నవ్వినాము. కొలంబస్ పడవ ఊయల నడిపే ఆయన "పెండ్లికొడుకు వచ్చినాడు, తాంబూలం ఎత్తుకోరండి" అన్నాడు. అన్న కార్డు తియ్యలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసినాడు. పొద్దున రాట్నం తిప్పేముందు ఏమేమి చూడాలో ఆ సంఘమోళ్ళు చెప్పింది, మన సామాన్లకు తగినట్ల అన్న సొంత చేత్తో రాసుకోనొచ్చినాడు. తెలుగులో కొన్ని, అరవంలో కొన్ని. అందరికీ పంచినాడు.

నాకిచ్చిన దాంట్లో అక్షరాలు లేవు. బొమ్మలుండాయి. పిన్ను బొమ్మ, బోల్టు బొమ్మ, జనం కూర్చునే తొట్టి తలుపు గడియ బొమ్మ. చివర్లో తొట్టిని పట్టుకోనుండే ఇనప చెవి, దాని పక్కన ఒక కన్ను. పెన్సిల్‌తో వేసి, స్కేలు పెట్టి దిద్దినాడు. నాకు కూడబలుక్కోని చదివేదే కష్టమని ఆయనకు తెలుసు. ఎన్ని రాత్రులు కూర్చోని వేసినాడో. నాకు మాత్రం నలుగుర్లో చెంప మీద కొట్టినట్లయింది.

"మా నాయన రాట్నం తిప్పతా ఉంటే ఆ శబ్దం వింటా పుట్టినోణ్ణి నేను. నువ్వు అంగట్లో మేకులు తూకం వేసుకునేవాడివి. నాకు నువ్వు బొమ్మలేసి చూపిస్తావా" అని కాగితం ఆయన మీదకే విసిరినాను. అన్న కిందపడిన కాగితం తీసి, దుమ్ము దులిపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీకు కావాల్నన్నప్పుడు అడుగు" అన్నాడు. అంతే. తర్వాత ఒక ఏడాది నేను మీటింగుకు పోలేదు.

అన్న ఒక మాట ఎప్పుడూ చెప్పేవాడు. అతుకుల మీద, చెవుల మీద పెయింట్ వేయొద్దండి, నూనె పూసి వదిలేయండి, పెయింట్ జనానికి, ఇనుము మనకు అని. ఆ మాట నాకు మంట. మన ఆటలోళ్ళలో పెయింట్ అంటే నా రాట్నమే అని పేరు. తిరుత్తణి మురుగన్ పండగ ఆడికృత్తికకు ముందు వారం రోజులు ఇంకే పనీ పెట్టుకునేవాణ్ణి కాదు. ఒక్కో తొట్టికి ఒక్కో రంగు. ఒకటో నంబరు తొట్టికి పచ్చ రంగు వేసి నెమలి గీపిచ్చింటాను. మా ఇంట్లో ఆనవాయితీ ఏమంటే, కర్పూరం వెలిగిచ్చి, నిమ్మకాయ పెట్టి, టికెట్ అమ్మకముందు మొదటి చుట్టు మా ఇంటామె ఆ నెమలి తొట్టిలో కూర్చుని తిరగాల. మా నాయన కాలంలో మా అమ్మ తిరిగేది. మన ఇంటివాళ్ళు ఎక్కందే జనం ఎక్కకూడదని మా నాయన పెట్టింది.

నేను మీటింగుకు పోని ఆ ఏడు మింజూరు తిరునాళ్ళ నుంచి వచ్చేటప్పుడు లారీలో నెమలి తొట్టి చెవికి దెబ్బ తగిలింది. కొంచెం వంగింది. కాల్చి, సుత్తితో కొట్టి సరి చేసి, సొట్ట కనపడకుండా పట్టీ పెట్టి, పైన పచ్చ పెయింట్ రెండు పూతలు వేసినాను. తర్వాత చూసినాను. ఏమీ కనపళ్ళేదు. కనపడకూడదనే కదా పట్టీ పెట్టింది.

కృత్తిక మొదటి రోజు పొద్దున. కొండ కింద మైదానంలో సామాన్లన్నీ నిలబెట్టినాము. మొక్కు కావళ్ళు భుజానెత్తుకున్నోళ్ళు మెట్ల దోవన పోతా ఉండారు, రోడ్డంతా పసుపు గుడ్డలు, పంబల చప్పుడు. అన్న గొడుగేసుకోని ఒక్కొక్క ఆట దగ్గరికీ పోయి చూస్తా వచ్చినాడు. అందరూ చూపిచ్చినారు. చివర్న నా దగ్గరికొచ్చినాడు. ఏడాదైంది మాటల్లేక. మా ఇంటామె అప్పుడే తొట్టిలో కూర్చోనుండాది.

"తమ్ముడా, రాట్నం శానా బాగుండాది. చెవుల దగ్గర పెయింట్ కొంచెం గీకి చూద్దాం" అన్నాడు.

గీకేది లేదన్నాను. వారం కష్టపడి వేసింది పండగ పూట గీకమంటావా, నీకు కడుపుమంట అన్నాను. ఇంకా శానా అన్నాను, అవన్నీ రాయను. అన్న మా ఇంటామె పక్కకు తిరిగి, "అమ్మా, ఒక్క నిమిషం దిగు" అన్నాడు. ఆమె నా మొగం చూసింది, ఆయన మొగం చూసింది, దిగింది. నా మాట కంటే ఆయన మాటకే దిగింది. ఆ తొట్టిలో ఆయన కూర్చున్నాడు. గొడుగు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గీకి చూపిస్తే దిగుతా. లేదంటే దిగేది లేదు. టికెట్ తీసుకోమంటే తీసుకుంటా" అన్నాడు.

చుట్టూ ఉండేవాళ్ళు నవ్వినారు. ఆయన్ను చూసి కాదు, నన్ను చూసి. నాకు ఒళ్ళు మండిపోయింది. "సరే అన్నా, పైకి పొయ్యి ఊరు చూసిరా" అని ఇంజన్ దగ్గరుండే వాడికి చెయ్యి ఊపినాను. నెమలి తొట్టిని పై చివరకి ఎక్కిచ్చి ఆపేసినాను. ఆయనకు ఎత్తంటే భయమని తెలుసు నాకు. తెలిసే ఎక్కిచ్చినాను. ఇన్నేండ్లుగా నేను చెప్పనిది ఇదే.

పైన నల్ల గొడుగు విచ్చుకుంది. ఆడి నెల ఎండ. గంట సేపయింది. దించమని మా ఇంటామె నాతో గొడవ పడింది. ఆయన్నే అడగమను, దించుతా అన్నాను. ఆయన అడగలా. తర్వాత గొడుగు మూసుకుంది. పైన గీకే శబ్దం. తాళాల గుత్తితో గీకతా ఉండాడు. పచ్చ పెయింట్ పొరలు గాల్లో తేలుకుంటా వచ్చి మా ఇంటామె కొంగు మీద, నా తల మీద పడినాయి. గీకినంత సేపూ నేను తిడతానే ఉండాను. ఉన్నట్టుండి శబ్దం ఆగిపోయింది.

పైనుంచి పిలిచినాడు. అరవలేదు. అరిచుంటే నేను పొయ్యుండను.

"తమ్ముడా, నువ్వొక్కడివే పైకి రా. ఇంజన్ ఎవురూ ముట్టుకోవద్దని చెప్పు."

ఆ గొంతు విని ఇంజన్ దగ్గరుండే వాణ్ణి పక్కకు పొమ్మన్నాను. చేతుల్తో పట్టుకోని రాట్నం కమ్మీలెక్కేది నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. ఆ రోజు మాత్రం ప్రతి కమ్మీ కొత్తగా ఉండింది. పైకి పొయ్యి చూస్తే, అన్న రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకోనుండాడు, కిందికి చూడకుండా. చెవి మీద పట్టీ ఊడొచ్చింది. దాని కింద పగులు. నా చిటికెన వేలంత పొడవు, చెవి మెడ కాడ అడ్డంగా.

అన్న తిట్టలేదు. పగులు చూపిచ్చి ఒకటే అన్నాడు. "మీ ఇంటామె కూర్చోనుండింది తమ్ముడా."

నేను కింద నుంచి తాడుతో చైను తెప్పిచ్చి, దాన్ని తొట్టి అడుగు నుంచి పైన పిన్ను మీదుగా మూడు చుట్లు చుట్టి బిగిచ్చినాను. ఇంజన్ వద్దని, ఆరుగురు మనుషుల్ని పెట్టి చేత్తో తిప్పిచ్చినాను, బెత్తెడు బెత్తెడుగా. తొట్టి పక్కనే కమ్మీని కరుచుకోని నేనూ దిగినాను. అన్న కండ్లు మూసుకోని మురుగా మురుగా అంటానే ఉండాడు. ఆయన కండ్లల్లో నీళ్ళొచ్చినాయి, నిజమే. నాకూ వచ్చినాయి. నావి ఎవురూ చూళ్ళేదు.

కిందికి వచ్చేసరికి జనం కూడినారు. చైను ఎందుకని మనోళ్ళే అడిగినారు. నేను నోరు తెరిచేలోపల అన్న అందుకున్నాడు. "తొట్టి ఊగతా ఉంటే భయమేసింది నాకు. ఏడుపొచ్చింది. కట్టేయమంటే కట్టినాడు. మొగోణ్ణి అనుకోని ఎక్కితిని, నా వల్ల కాలేదు" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. అన్న నా చెవి దగ్గర "అన్ని చెవులూ గీకందే తిప్పొద్దు" అని చెప్పి, గొడుగేసుకోని బస్టాండు పక్కకు నడిచినాడు. తిరిగి చూళ్ళేదు. ఇంజన్ రిపేరని చెప్పి ఆ కృత్తికంతా నేను రాట్నం తిప్పలేదు. అన్నీ గీకినాను. కొత్త చెవి వేసినాను. ఎందుకనేది మా ఇంటామెకు తప్ప ఎవురికీ చెప్పలేదు.

వారం తర్వాత అంగడికి పొయ్యినాను. ఎందుకట్ల చెప్పినావన్నా అని అడిగినాను. తూకం కాడ నుంచి తలెత్తకుండా చెప్పినాడు. "పండగ పూట పగులనే మాట పర్మిషనిచ్చిన ఆఫీసరు చెవిలో పడితే మైదానమంతా ఖాళీ చేయిస్తాడు. అందరి కూడూ పోతుంది, నీ పేరు పోతుంది. నేను భయపడినానంటే ఎవురిది ఏం పోతుంది?"

నీది పోయింది కదా అన్నాను. "నాకు భయమే కదా, అబద్ధమేముంది" అన్నాడు.

ఆ బొమ్మల కాగితం ఇయ్యన్నా అని అడిగినాను. గల్లాపెట్టె పక్కన సొరుగు తీసినాడు. పైననే ఉండాది. ఆ రోజు మడిచిన మడత మీదనే ఉండాది.

అప్పటి నుంచి మీరందరూ నవ్వినారు. మీటింగులో అన్న లేచి మాట్లాడబోతే, "అన్నా, ఊయల ఎక్కుతావా, పట్టుకునేదానికి మనుషుల్ని పెడతాం" అనేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఒకసారి నేను కూడా మీతో నవ్వినాను. అన్న నన్ను చూసినాడు. కోపంగా కాదు. నవ్వుకోలే అన్నట్ల చూసినాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటానే ఉండాది. చెప్పేస్తానన్నా అని రెండు మూడుసార్లు అడిగినాను. "ఎక్కినోళ్ళు దిగి మనల్ని మర్చిపోవాల తమ్ముడా, మన పని అదే. దాన్ని తవ్వొద్దు" అనేవాడు.

కరోనా వచ్చి తిరునాళ్ళు ఆగిపోయినప్పుడు మీ అందరికీ అన్న ఫోన్ చేసినాడు కదా. నాకు రోజూ చేసినాడు. సామాన్లు పాత ఇనుముకు అమ్మేస్తానంటే, అదే కత మళ్ళ మొదలు పెట్టినాడు. యుద్ధమొచ్చినా వాళ్ళు కూడేది మానలేదు, మనం ఫోన్లోనన్నా కూడదాము అని. ఎన్నిసార్లు విన్న కతో. నేను విసుక్కున్నాను, ఫోను మాత్రం పెట్టేయలేదు. రాట్నం అమ్మలేదు.

అన్న పోయిన రోజు మణవాళనగర్ ఇంట్లో చూసినాను. గోడ మీద ఆ పెద్ద సంఘం మెంబరు కాగితం అద్దం కట్టి ఉండాది. దాని చీలకు బొంబాయి కార్డు తగిలిచ్చింటే దారం తెల్లబడి ఉండాది. శవం పక్కన కూర్చోని మన పాత మెంబరొకాయన, పేరు రాయను, కండ్లు తుడుచుకుంటా "పాపం, రాట్నమంటే ఎంత భయం మహానుభావుడికి" అన్నాడు. మంచిగానే అన్నాడు. చుట్టూ ఉండేవాళ్ళు ఏడుపులోనే కొంచెం నవ్వినారు. చెప్పేద్దామని లేచినాను. భుజాన గ్రీజు గుడ్డతో నిలబడి, మళ్ళ కూర్చున్నాను. అందుకే రాస్తా ఉండాను. అన్న తవ్వొద్దన్నాడు. ఈ ఒక్క విషయంలో నేను ఆయన మాట వినను.

ఆయనకు ఎత్తంటే భయం. ఆ భయంతోనే పైన గంట సేపు కూర్చోని, తాళాల గుత్తితో గీకి, నా ఇంటిదాన్ని కాపాడినాడు. ధైర్యమంటే నేను చూసింది అదే. నా పేరు పోతే పోనీ.

మొన్న ఆడికృత్తికకు తిరుత్తణిలో రాట్నం నిలబెట్టినాము. ఇంజన్ దగ్గర నా కొడుకు. బొమ్మల కాగితానికి ప్లాస్టిక్ వేయిచ్చి పెట్టె మీద అంటిచ్చినాను, పెన్సిల్ గీతలు మాసిపోయినాయి, కన్ను ఒకటి బాగా తెలుస్తుంది. మొదటి చుట్టుకు నెమలి తొట్టిలో కూర్చునేదానికి మా ఇంటామె లేదు. నేనే కూర్చున్నాను. పైన ఆపమని చెప్పినాను. చెవి మీద గోరు పెట్టి గీసి చూసినాను. ఉత్త ఇనుము, నూనె తడి. కింద కావళ్ళు కదులుతా ఉండాయి. కొంచెం సేపు కూర్చోని, దించమన్నాను.

టికెట్లు మొదలైనాయి. వేలూరు పక్కనుంచి వచ్చిన ఒకామె ఎక్కేముందు చూసి, అక్కడక్కడా పెయింట్ లేదే, చాలలేదా తాతా అని అరవంలో అడిగింది. అది అట్లనే ఉండాల, కూర్చోమ్మా అన్నాను. పిల్లతో కూర్చునింది. రాట్నం తిరిగింది, ఆగింది. ఆమె దిగింది. పిల్ల చెయ్యి పట్టుకోని, చెదిరిన జుట్టు సర్దుకోని, కొండ పక్కకు పొయ్యే జనంలో కలిసిపోయింది. ఆ తర్వాత దిగినోళ్ళూ అంతే. సాయంత్రం దాకా చూస్తా నిలబడినాను. ఒక్కరు కూడా తిరిగి చూళ్ళేదు.